కర్మాగారాల పక్కన పుట్టిన విశ్వవిద్యాలయాలు

1952 మే నెలలో ప్రపంచంలోని మొదటి జెట్ ప్రయాణికుల విమానం కామెట్ లండన్ నుంచి జొహానెస్‌బర్గ్‌కు సర్వీసు మొదలుపెట్టింది. దాన్ని తయారుచేసింది లండన్‌కు ఉత్తరాన హాట్‌ఫీల్డ్ పట్టణంలో ఉన్న డి హావిలాండ్ కంపెనీ. ఆ ఏడాది చివర్లో అదే పట్టణంలో ఒక టెక్నికల్ కాలేజీ తెరిచారు. దానికి స్థలం ఇచ్చినవాడు డి హావిలాండ్ చైర్మన్ అలన్ బట్లర్. లెక్కలూ వచ్చి, చేతిపనీ వచ్చిన ఇంజనీర్లు కంపెనీకి కావాలి, ఊళ్లో పిల్లలకు ఉద్యోగాలు కావాలి. కాలేజీ ఆ రెండిటికీ పనికొచ్చింది. అది 1969లో పాలిటెక్నిక్ అయింది, 1992లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయం అయింది. ఆ మరుసటి ఏడే హాట్‌ఫీల్డ్ విమానాల ఫ్యాక్టరీ మూతపడింది. ఇంకో పదేళ్లకు విశ్వవిద్యాలయం ఆ పాత విమానాశ్రయం నేల మీదే రెండో క్యాంపస్ కట్టుకుని, దానికి డి హావిలాండ్ పేరు పెట్టింది.

తమ పని అనువర్తిత పరిశోధన అనీ వృత్తివిద్య అనీ చెప్పుకునే బ్రిటిష్ విశ్వవిద్యాలయాల్లో చాలావాటి కథ ఇలాంటిదే. కొవెంట్రీకి కార్లు, మిడిల్స్‌బరోకు ఉక్కు, రసాయనాలు, బ్రిస్టల్‌కు విమానాలు, ఉలిచ్‌కు ఆయుధాగారం. పరిశ్రమ పిలిచింది, చదువు వచ్చింది. తర్వాత పరిశ్రమ వెళ్లిపోయింది, చదువు మిగిలింది. ఇవాళ ఈ విశ్వవిద్యాలయాలు సంఘాలు కట్టి ప్రభుత్వం దగ్గర తమ వాటా కోసం వాదిస్తున్నాయి. యూనివర్సిటీ అలయన్స్, మిలియన్‌ప్లస్ వాటిలో ముఖ్యమైనవి. ఈ సంఘాలు ఎందుకు పుట్టాయి, ఏం సాధించాయి, ఎక్కడ తడబడ్డాయి అన్నది ఈ వ్యాసం విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ సంఘాలు అనువర్తిత చదువుకు గౌరవం తేవడంలో చాలావరకు నెగ్గాయి. ఆ చదువుకు ప్రాణమైన యాజమాన్యాల సంబంధాన్ని, విద్యార్థి పనిచోట గడిపే కాలాన్ని కాపాడుకోవడంలో మాత్రం అంతగా నెగ్గలేదు.

మూలాలు పందొమ్మిదో శతాబ్దంలో ఉన్నాయి. లండన్ రీజెంట్ వీధిలో క్వింటిన్ హాగ్ అనే చక్కెర వ్యాపారి 1880లలో పాలిటెక్నిక్ నడిపాడు. పగలంతా పనిచేసే యువకులకు అక్కడ సాయంత్రాలు చదువు, ఆటలు. ఆ నమూనా మీదే 1890లో ఉలిచ్‌లో మరొకటి వచ్చింది. ఆయుధాగారం కార్మికులే దాని విద్యార్థులు. ఉత్తరాన సండర్‌ల్యాండ్ టెక్నికల్ కాలేజీ 1903లో కొన్నాళ్లు తరగతి, కొన్నాళ్లు ఫ్యాక్టరీ, మళ్లీ తరగతి అనే పద్ధతి మొదలుపెట్టింది. దానికి శాండ్‌విచ్ కోర్సు అని పేరొచ్చింది. బ్రిటిష్ వృత్తివిద్య కనిపెట్టిన వాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదేనని నేననుకుంటాను. నాలుగేళ్ల కోర్సులో ఒక ఏడాది జీతం తీసుకుంటూ పనిచేసిన కుర్రాడు చివరి ఏడాదికి తిరిగొచ్చినప్పుడు మాస్టారిని అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్రభుత్వం కళ్లు తెరిచింది. 1956 శ్వేతపత్రంతో కొన్ని మేలైన టెక్నికల్ కాలేజీలను ఉన్నత సాంకేతిక కళాశాలలుగా ఎంచింది. వాటిలో ఆస్టన్, బాత్, బ్రాడ్‌ఫర్డ్, బ్రూనెల్, లఫ్‌బరో, సాల్ఫర్డ్, సర్రే వంటివి ఓ పదేళ్లకు పూర్తి విశ్వవిద్యాలయాలయ్యాయి. మధ్యలో 1963లో రాబిన్స్ నివేదిక వచ్చింది. అర్హత, సామర్థ్యం ఉండి చదవాలనుకునే ప్రతివాళ్లకూ ఉన్నత విద్యలో చోటు ఉండాలన్నది దాని సూత్రం. అప్పటికి ఆ దేశంలో కాలేజీ గడప తొక్కే యువత పదిమందిలో ఒకరు కూడా కాదు. చోటు ఉండాలి సరే, ఆ చోటు ఎక్కడ? ఉన్న విశ్వవిద్యాలయాలను పెంచుకుంటూ పోవాలా, వేరే దారి వేయాలా?

విద్యామంత్రి ఆంథనీ క్రాస్‌లాండ్ 1965 ఏప్రిల్‌లో ఉలిచ్ పాలిటెక్నిక్‌లో చేసిన ప్రసంగం ఆ ప్రశ్నకు జవాబు. స్వయంప్రతిపత్తి గల విశ్వవిద్యాలయాలు ఒకవైపు, స్థానిక సంస్థల చేతుల్లో ఉండి వృత్తివిద్య నేర్పే ప్రజారంగ కళాశాలలు మరోవైపు ఉండాలి, రెండూ సమానమైనవే, పనులు మాత్రం వేరు అన్నాడు. మరుసటి ఏడాది శ్వేతపత్రం వచ్చింది. 1969 నుంచి 1973 లోపల 30 పాలిటెక్నిక్‌లు ఏర్పడ్డాయి. తెలుగు పాఠకులు ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మన పాలిటెక్నిక్‌లు పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా ఇచ్చేవి. బ్రిటన్‌లోవి డిగ్రీలూ, పీజీలూ, పీహెచ్‌డీలూ నడిపాయి. అయితే ఆ డిగ్రీ మీద సంతకం వాటిది కాదు. 1964లో ఏర్పడ్డ జాతీయ విద్యార్హతల మండలి ప్రతి కోర్సునూ బయటి నిపుణులతో తనిఖీ చేయించి పట్టా ఇచ్చేది. ఆ తనిఖీ కఠినంగానే ఉండేది. పాఠ్యప్రణాళిక ఎందుకిలా ఉంది, పరిశ్రమలో వాళ్లేమన్నారు, ప్రయోగశాలలో ఏముంది అని వచ్చినవాళ్లు అధ్యాపకులను కూర్చోబెట్టి అడిగేవారు. బోధన గురించి అంత లోతుగా మాట్లాడుకునే అలవాటు చాలా పాత విశ్వవిద్యాలయాల్లో ఆ రోజుల్లో లేదు.

ఆ ఏర్పాటు ఎంతకాలం నిలుస్తుందని మొదటి నుంచీ అనుమానించినవాళ్లున్నారు. పాలిటెక్నిక్‌ల మీద 1974లోనే పుస్తకం రాసిన టైరెల్ బర్జెస్, జాన్ ప్రాట్‌లు ఒక ధోరణిని గమనించారు. వృత్తివిద్య కోసం పెట్టిన ప్రతి సంస్థా కొన్నాళ్లకు విశ్వవిద్యాలయం వేషం వేసుకోవాలని చూస్తుంది. సాయంత్రం తరగతులు తగ్గుతాయి, పార్ట్‌టైమ్ విద్యార్థులు తగ్గుతారు, సాహిత్యం, సామాజికశాస్త్రాల విభాగాలు పెరుగుతాయి. ఉన్నత సాంకేతిక కళాశాలల విషయంలో అప్పటికే జరిగింది అదే. ప్రాట్ 1997లో ఆ మొత్తం ప్రయోగాన్ని తిరిగి లెక్కగట్టినప్పుడు పాలిటెక్నిక్‌లకు ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చాడు. అవి మహిళలకు, పెద్ద వయసు విద్యార్థులకు, కార్మిక కుటుంబాల పిల్లలకు తలుపులు తెరిచాయి. ఈ విషయంలో వాటి రికార్డును ఎవరూ కాదనలేరు.

తర్వాత మార్పు చకచకా జరిగిపోయింది. 1988 చట్టంతో పాలిటెక్నిక్‌లు స్థానిక సంస్థల చేయి దాటాయి. 1992 చట్టంతో విశ్వవిద్యాలయం అనే పేరు, డిగ్రీ ఇచ్చే హక్కు వాటికి వచ్చాయి, విద్యార్హతల మండలి రద్దయింది. క్రాస్‌లాండ్ గీసిన గీత 27 ఏళ్లకు చెరిగిపోయింది. చట్టంలో చెరిగింది కానీ డబ్బు పంపకంలో చెరగలేదు. సంఘాల కథ మొదలయ్యేది అక్కడే.

బ్రిటన్‌లో పరిశోధన నిధులు రెండు కాలవల్లో పారతాయి. ఒకటి, ఫలానా ప్రాజెక్టు అని దరఖాస్తు పెట్టుకుంటే పరిశోధన మండళ్లు ఇచ్చేది. రెండోది, కొన్నేళ్లకోసారి జరిగే మూల్యాంకనంలో తెచ్చుకున్న గ్రేడ్లను బట్టి విశ్వవిద్యాలయానికి ఏటా అందే మొత్తం. ఈ రెండోదాన్ని ఎలా ఖర్చుపెట్టాలో ఎవరూ చెప్పరు. కొత్తవాళ్లను చేర్చుకోవచ్చు, కొత్త ఆలోచనను మొదలుపెట్టవచ్చు. ఇంగ్లండ్‌లో ఇప్పుడది ఏటా దాదాపు 200 కోట్ల పౌండ్లు. మాజీ పాలిటెక్నిక్‌లు మొదటిసారి 1992 మూల్యాంకనంలో పాల్గొన్నాయి. ముప్ఫై ఏళ్లుగా పరిశోధన నిధులతో ప్రయోగశాలలు కట్టుకున్నవాళ్లతో, ఆ నిధులు ఎన్నడూ చేతికి రానివాళ్లను ఒకే పరీక్షకు కూర్చోబెట్టారు. ఫలితం ఎవరైనా ఊహించగలరు.

పాతవాళ్లకూ భయం పట్టుకుంది. ఒక్కసారిగా విశ్వవిద్యాలయాల సంఖ్య పెరిగింది కనుక ఉన్న నిధులు పలచబడతాయన్న భయం. 1994లో 17 పెద్ద విశ్వవిద్యాలయాల వైస్ చాన్సలర్లు లండన్‌లోని రస్సెల్ హోటల్‌లో కూడి రస్సెల్ గ్రూప్ పెట్టుకున్నారు. ఇప్పుడందులో 24 ఉన్నాయి. అదే ఏడాది, కాస్త చిన్నవైన పరిశోధక విశ్వవిద్యాలయాలు 1994 గ్రూప్‌గా ఏర్పడ్డాయి. మూడేళ్లకు, 1997లో, మాజీ పాలిటెక్నిక్‌లలో కొన్ని ఆధునిక విశ్వవిద్యాలయాల కూటమి పెట్టాయి. అదే పేర్లు మారుతూ మిలియన్‌ప్లస్ అయింది. తమ సభ్య సంస్థల్లో చదివేవాళ్లు పది లక్షలు దాటారని ఆ పేరు చాటుతుంది. చదువుకు నోచుకోని వర్గాలకు అవకాశం కల్పించడం ఆ కూటమి వాదంలో ప్రధానం.

అటు రస్సెల్ గ్రూప్‌లో చోటులేక, ఇటు కేవలం అవకాశాల మాటతో తృప్తిపడలేక మధ్యలో మిగిలిన విశ్వవిద్యాలయాలు కొన్ని 2006లో దగ్గరయ్యాయి. మొదట వాళ్లు పెట్టుకున్న పేరు అలీన విశ్వవిద్యాలయాల కూటమి. నెహ్రూ కాలం మాటలు వింటూ పెరిగిన తరానికి ఆ పేరులోని ధోరణి వెంటనే అర్థమవుతుంది. ఏడాదికి అది యూనివర్సిటీ అలయన్స్ అయింది. మొదట్లో అందులో మాజీ పాలిటెక్నిక్‌లే కాక సాల్ఫర్డ్, బ్రాడ్‌ఫర్డ్ వంటి 1960ల విశ్వవిద్యాలయాలూ ఉండేవి. ఇప్పుడు కొవెంట్రీ, హెర్ట్‌ఫర్డ్‌షైర్, కింగ్‌స్టన్, టీసైడ్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్, గ్రీనిచ్, ఆంగ్లియా రస్కిన్, బర్మింగ్‌హామ్ సిటీ, బ్రిస్టల్‌లోని వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ వంటివి దాని సభ్యులు. వృత్తి, సాంకేతిక విద్యకు తామే ప్రతినిధులమన్నది దాని మాట.

ఈ సంఘాలకు చట్టపరమైన హోదా ఏదీ లేదు. ఏ విశ్వవిద్యాలయం నాణ్యతనూ ఇవి పరీక్షించవు, ఏ పట్టానూ గుర్తించవు. చందా కట్టిన సభ్యుల తరఫున మంత్రుల దగ్గర, పార్లమెంటు కమిటీల దగ్గర, పత్రికల్లో మాట్లాడటం వాటి పని. నచ్చినన్నాళ్లు ఉండి, నచ్చనప్పుడు వెళ్లిపోవచ్చు. వెళ్లిపోయారు కూడా. 2012లో డరమ్, ఎక్సెటర్, యార్క్, లండన్ క్వీన్ మేరీ 1994 గ్రూప్ వదిలి రస్సెల్ గ్రూప్‌లో చేరాయి. మరుసటి ఏడాదికే 1994 గ్రూప్ రద్దయింది. యూనివర్సిటీ అలయన్స్‌లో ఒకప్పుడున్న ఓపెన్ యూనివర్సిటీ, మాంచెస్టర్ మెట్రొపాలిటన్, నార్తంబ్రియా ఇప్పుడు లేవు. సభ్యులు ఇలా వచ్చిపోతుంటే ఇరవై ఏళ్ల పాటు ఒకే మాట మీద నిలబడటం కష్టం. పరిశోధన హోదా పెరిగిన సభ్యుడికి పాత కూటమి ఇరుకుగా అనిపించడం ఈ సంఘాల అసలు బలహీనత అని నేననుకుంటాను. తాము భిన్నమైనవాళ్లమని లోకం గుర్తించాలి, అదే సమయంలో తమను అందరితో సమానంగా చూడాలి. ఈ రెండు కోరికలూ న్యాయమైనవే. కానీ ఒకే నోటితో రెండూ అడగడం తేలిక కాదు.

విభజన అసలు ఎంత నిజం? సామాజికశాస్త్రవేత్త విక్కీ బొలివర్ 2015లో పరిశోధన, బోధన, నిధులు, విద్యార్థుల నేపథ్యం వంటి అంశాల మీద బ్రిటిష్ విశ్వవిద్యాలయాలను పోల్చి చూశారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఒక ఎత్తున నిలిచాయి. మిగిలిన రస్సెల్ గ్రూప్ సభ్యులకూ ఇతర పాత విశ్వవిద్యాలయాల్లో అనేకానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మిగతా పాతవాటితో కలిసి కొత్త విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ భాగం ఒకే గుంపులో పడ్డాయి. అంటే, రస్సెల్ గ్రూప్ చుట్టూ ఉన్న గోడ లెక్కల్లో అంత ఎత్తు లేదు, పేరులోనే ఎత్తు. ఉద్యోగాలిచ్చేవాళ్లు, తల్లిదండ్రులు, కన్సల్టెన్సీలు ఆ పేరును కొలబద్దగా వాడుతున్నంత కాలం ఇలాంటి పరిశోధనలు ఎన్ని వచ్చినా పేరు విలువ తగ్గదు.

అనువర్తిత పరిశోధన అంటే ఏమిటో నిర్వచనాలతో చెప్పడం కన్నా ఒక ఉదాహరణతో చూడటం మేలు. బ్రిస్టల్‌లో వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయం, దాని పాత పొరుగు బ్రిస్టల్ విశ్వవిద్యాలయం కలిసి ఒక రోబోటిక్స్ ప్రయోగశాల నడుపుతున్నాయి. అక్కడ యోవానిస్ ఇయరోపౌలోస్ అనే పరిశోధకుడు సూక్ష్మజీవులతో కరెంటు పుట్టించే ఘటాల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. ఘటంలోని బ్యాక్టీరియా సేంద్రియ పదార్థాన్ని తింటూ ఎలక్ట్రాన్లను విడుదల చేస్తుంది. వాటిని తీగలోకి మళ్లిస్తే కొద్దిపాటి విద్యుత్తు. ఆ బ్యాక్టీరియాకు తిండిగా ఆయన బృందం ఎంచుకున్నది మానవ మూత్రం. ఎక్కడైనా దొరుకుతుంది, ఖర్చు లేదు. 2015లో ఆక్స్‌ఫామ్ సంస్థతో కలిసి విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఒక మూత్రశాల కట్టి, దాని లోపలి దీపాలను అలా వెలిగించి చూశారు. శరణార్థి శిబిరాల్లో చీకటి పడ్డాక ఆడవాళ్లు మరుగుదొడ్డికి వెళ్లడానికి భయపడతారు. ఆ భయం పోగొట్టడం అసలు ఉద్దేశం. 2017లో ఉగాండాలోని కిసోరోలో ఒక బాలికల పాఠశాలలో ఆ ఏర్పాటును నిలబెట్టారు.

ఇందులో సిద్ధాంతం ఎక్కడ ముగిసింది, అనువర్తనం ఎక్కడ మొదలైంది? బ్యాక్టీరియా ఎలక్ట్రాన్లను ఎలా బయటకు పంపుతుందన్నది మౌలికమైన ప్రశ్న. ఘటం ఎంత పెద్దదుంటే దీపం వెలుగుతుందన్నది ఇంజనీరింగ్. గొట్టం మూసుకుపోతే పాఠశాలలో ఎవరు బాగుచేస్తారన్నది ఆ ఊరి సంగతి. మూడూ ఒకే బల్ల మీద ఉండటమే అనువర్తిత పరిశోధన. ముందు శాస్త్రం, తర్వాత దాని వాడకం అనే వరసను అమెరికన్ పండితుడు డొనాల్డ్ స్టోక్స్ 1997లోనే ప్రశ్నించాడు. పాశ్చర్ ద్రాక్షసారా పులిసిపోవడాన్ని ఆపాలనుకుంటూనే సూక్ష్మజీవశాస్త్రానికి పునాది వేశాడు కదా అన్నాడు. వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్‌లోనే పీహెచ్‌డీ చేసిన ఇయరోపౌలోస్ ఇప్పుడు సౌతాంప్టన్‌లో ఆచార్యుడు. అది రస్సెల్ గ్రూప్ సభ్యసంస్థ. మనిషి ఎదగడం సంతోషించాల్సిందే. అయితే మొక్కను పెంచిన నేలకు దక్కేదేమిటన్న ప్రశ్న ఈ విశ్వవిద్యాలయాలన్నిటినీ వేధిస్తూనే ఉంది.

హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 2005లో మొదలైన కాస్పర్ అనే చిన్న రోబో ఆటిజం ఉన్న పిల్లలతో ఆడుకుంటూ వాళ్లకు ముఖంలోని భావాలు చదవడం నేర్పుతుంది. కొవెంట్రీ విశ్వవిద్యాలయం 2014లో యూనిపార్ట్ కంపెనీ ఫ్యాక్టరీ ఆవరణలోనే ఒక తయారీ ఇంజనీరింగ్ సంస్థను తెరిచింది. విద్యార్థి తరగతి నుంచి బయటకు అడుగుపెడితే నిజమైన ఉత్పత్తి వరుస కనబడుతుంది. హడర్స్‌ఫీల్డ్‌లో రైలు చక్రానికీ పట్టాకూ మధ్య జరిగేదాన్ని లోతుగా పరిశీలించే రైల్వే పరిశోధన సంస్థ ఉంది. ఇవేవీ ఆక్స్‌ఫర్డ్‌ను అనుకరించి చేసినవి కావు.

ఇలాంటి పనులకు తోడ్పడే, పెద్దగా ఎవరూ పొగడని ఒక పథకం ఉంది. 1975లో టీచింగ్ కంపెనీ స్కీమ్ పేరుతో మొదలై, 2003 నుంచి జ్ఞాన బదిలీ భాగస్వామ్యంగా నడుస్తోంది. ఒక కంపెనీ, ఒక విశ్వవిద్యాలయం, అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన ఒక యువకుడో యువతో. ముగ్గురూ కలిసి కంపెనీకి నిజంగా ఉన్న ఒక సమస్య మీద ఏడాది నుంచి మూడేళ్లు పనిచేస్తారు. ఖర్చులో కొంత ప్రభుత్వానిది, కొంత కంపెనీది. కంపెనీ జేబులోంచి డబ్బు పెట్టాలి కనుక నిజంగా అవసరం ఉన్నవాళ్లే వస్తారు. ఇది యాభై ఏళ్లుగా నిలబడింది. ఎన్నో శ్వేతపత్రాలు, మరెన్నో మంత్రిత్వశాఖల పేర్లు ఈలోపు మారిపోయాయి.

ఇక కొలత సంగతి. 2001 మూల్యాంకనం తర్వాత ప్రభుత్వం పై గ్రేడ్ల విభాగాలకే నిధులు కుదించింది. 2003 శ్వేతపత్రం ఆ ధోరణిని ఇంకా గట్టిపరిచింది. 2008లో విభాగం మొత్తానికి ఒకే గ్రేడ్ ఇచ్చే పద్ధతి పోయింది. ఎంత శాతం పరిశోధన ఏ స్థాయిలో ఉందో విడిగా చూపించారు. దానితో చిన్న విభాగాల్లోని మంచి పరిశోధనకూ డబ్బు అందింది. కొత్త విశ్వవిద్యాలయాలకు అది ఊపిరి. 2014లో మరో మలుపు. విద్యాలయం గోడలు దాటి సమాజం మీద, ఆర్థిక వ్యవస్థ మీద, వైద్యం మీద పరిశోధన చూపిన ప్రభావానికి 20 శాతం మార్కులు పెట్టారు. 2021లో దాన్ని 25 శాతం చేశారు. ఏ పరిశోధన వల్ల ఎక్కడ ఏం మారిందో ఆధారాలతో రాసిన 6,000 పైచిలుకు నివేదికలు ఆ ఏడాది దాఖలయ్యాయి. పనికొచ్చే పరిశోధనను తక్కువగా చూసే అలవాటుకు ఇదొక పెద్ద దెబ్బ. అనువర్తిత విశ్వవిద్యాలయాల సంఘాలు ఏళ్ల తరబడి చేసిన వాదనకు ఇందులో వాటా ఉంది. ఒకప్పటి న్యూకాజిల్ పాలిటెక్నిక్ అయిన నార్తంబ్రియా పరిశోధన సామర్థ్యంలో 2014లో 50వ స్థానం నుంచి 2021కి 23వ స్థానానికి ఎక్కింది. ఇరవై ఏళ్ల కింద ఇది అసాధ్యమనేవారు.

అయినా ఆ 200 కోట్లలో సింహభాగం రస్సెల్ గ్రూప్‌కే పోతోంది. కంపెనీలతో, సమాజంతో కలిసి చేసే పనికి ప్రత్యేకంగా ఉన్న నిధి దానితో పోలిస్తే చాలా చిన్నది. పైగా ప్రభావం చూపించడంలోనూ పెద్ద విశ్వవిద్యాలయాలు వెనుకబడలేదు. వాళ్లకు ఆ నివేదికలు రాయించే సిబ్బంది ఉన్నారు. నా దృష్టిలో సంఘాలు ఇక్కడే ఒక మెట్టు ఆగిపోయాయి. మార్కులు పెంచమన్నారు కానీ, వృత్తిరంగ పరిశోధనకు వేరే ఖజానా కావాలని గట్టిగా పట్టుపట్టలేదు. అలా అడిగితే క్రాస్‌లాండ్ గీత మళ్లీ వస్తుందేమోనన్న భయం వాళ్లను ఆపి ఉంటుంది.

యూనివర్సిటీ అలయన్స్ స్వయంగా చేసి చూపించిన పని ఒకటి చెప్పుకోవాలి. పరిశోధన మండళ్లు పీహెచ్‌డీ నిధులను కొన్ని పెద్ద కేంద్రాలకే ఇవ్వడం మొదలుపెట్టాక, మిగతా విశ్వవిద్యాలయాల్లో ఒక్కో విభాగంలో ఒకరిద్దరు పీహెచ్‌డీ విద్యార్థులు ఒంటరిగా మిగిలారు. 2015 ప్రాంతంలో కూటమి సభ్యులు కలిసి ఉమ్మడి డాక్టరల్ శిక్షణ పథకం మొదలుపెట్టారు. ఆరోగ్యానికి సంబంధించిన జీవశాస్త్రం, ఇంధనం, సామాజిక విధానం వంటి రంగాల్లో దేశం నలుమూలల విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఏటా ఒకచోట కలుసుకుని శిక్షణ పొందుతారు. యూరోపియన్ యూనియన్ నిధులూ దానికి వచ్చాయి. సంఘం అంటే వినతిపత్రం మాత్రమే కాదని ఇది నిరూపించింది. ఇలాంటివి ఇంకా నాలుగు ఉంటే బాగుండేది.

జర్మనీ వేరే దారి పట్టింది. అక్కడ 1970 ప్రాంతంలో పుట్టిన అనువర్తిత శాస్త్రాల కళాశాలలు ఇప్పటికీ విడిగానే ఉన్నాయి. ప్రొఫెసర్ కావాలంటే బయట పరిశ్రమలో కొన్నేళ్లు పనిచేసి ఉండాలన్న నిబంధన ఉంది. చాలాకాలం పీహెచ్‌డీ హక్కు లేదు. 2016లో హెస్సె రాష్ట్రం ఫుల్డా కళాశాలకు ఆ హక్కు ఇచ్చి తలుపు కొద్దిగా తీసింది. బ్రిటన్ పేరు ముందు ఇచ్చి పనిని తర్వాత వెతుక్కుంది. జర్మనీ పనిని పట్టుకుని పేరును నెమ్మదిగా ఇస్తోంది. నాకు రెండోది మేలనిపిస్తుంది. అయితే 1992కు ముందు పాలిటెక్నిక్ పట్టా పట్టుకుని ఉద్యోగానికి వెళ్లిన పిల్లల కుటుంబాలకు విశ్వవిద్యాలయం అన్న మాట ఎంత అవసరమైందో కూడా తెలుసు.

వృత్తివిద్యలో మోస్తున్న బరువు వీటిదే ఎక్కువ. 1990లలో ఆసుపత్రుల్లోని నర్సింగ్ స్కూళ్లు ఈ విశ్వవిద్యాలయాల్లోకి వచ్చాయి. 2013 నుంచి ఇంగ్లండ్‌లో కొత్తగా నర్సు కావాలంటే డిగ్రీ ఉండాల్సిందే. 2017లో ప్రభుత్వం నర్సింగ్ విద్యార్థుల స్టైపెండ్ తీసేసి వాళ్లనూ రుణాల్లోకి నెట్టింది. 2020లో పాక్షికంగా వెనక్కి తగ్గింది. ఉద్యోగం చేస్తూ డిగ్రీ పొందే డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లు 2015లో వచ్చాయి. ఏడాదికి 30 లక్షల పౌండ్లకు మించి జీతాలిచ్చే కంపెనీల నుంచి 2017 నుంచి అర శాతం సుంకం వసూలు చేసి ఆ డబ్బుతో వీటిని నడుపుతున్నారు. సండర్‌ల్యాండ్ పద్ధతి కొత్త రూపంలో తిరిగొచ్చిందనుకోవచ్చు. విద్యార్థికి అప్పు లేదు, జీతం ఉంది. ఈ విశ్వవిద్యాలయాలు దాన్ని ఉత్సాహంగా అందుకున్నాయి. కానీ పీజీ స్థాయి అప్రెంటిస్‌షిప్‌ల నిధిని 2026 జనవరి నుంచి 21 ఏళ్లు దాటిన కొత్తవాళ్లకు ఆపేశారు. పీజీ స్థాయిలో 21 ఏళ్లలోపు ఎంతమంది ఉంటారు?

నియంత్రణ సంస్థ పెట్టిన గీటురాయి ఇంకో చిక్కు. ఇంగ్లండ్‌లో పూర్తికాలం డిగ్రీ విద్యార్థుల్లో 80 శాతం రెండో ఏడాదికి కొనసాగాలి, 75 శాతం కోర్సు పూర్తిచేయాలి, 60 శాతం మంచి ఉద్యోగంలోకో పై చదువుకో వెళ్లాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే రెడ్‌కార్ ఉక్కు కర్మాగారం 2015లో ఆరిపోయాక మిడిల్స్‌బరో ఉన్న టీసైడ్ ప్రాంతంలో ఇల్లు వదిలి వెళ్లలేని తల్లి, చదువు ముగించి ఊళ్లోనే దొరికిన పని చేసుకుంటే ఆమె కోర్సు విఫలమైనట్టా? లండన్ జీతాల కొలమానాన్ని మిడిల్స్‌బరోకు పెట్టడం అన్యాయం. ఈ విషయంలో సంఘాల వాదన పూర్తిగా సరైనదని నా నమ్మకం.

డబ్బు ఇంకో వైపు నుంచి బిగుస్తోంది. ఇంగ్లండ్ విద్యార్థి ఫీజు 2012లో 9,000 పౌండ్లు, 2017లో 9,250. 2025లో 9,535 అయ్యేదాకా కదల్లేదు. ఈ మధ్యలో ధరలు ఎంత పెరిగాయో అందరికీ తెలుసు. 2025 సెప్టెంబరులో గ్రీనిచ్, కెంట్ విశ్వవిద్యాలయాలు ఒకే వైస్ చాన్సలర్ కింద ఒకే సంస్థగా కలుస్తామని ప్రకటించాయి. క్రాస్‌లాండ్ ప్రసంగించిన ఉలిచ్ పాలిటెక్నిక్కే నేటి గ్రీనిచ్. అదే 1965లో కొత్తగా తెరిచిన సంప్రదాయ విశ్వవిద్యాలయం కెంట్. రెండు వేరు దారులని ఆ ఏడాది చెప్పినవి అరవై ఏళ్లకు ఖర్చుల ఒత్తిడితో ఒక కప్పు కిందికి వస్తున్నాయి.

ఆ లోటును పూడుస్తున్నది విదేశీ విద్యార్థులు. అందులో మన తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది. 2021లో చదువు తర్వాత రెండేళ్లు ఉండి పనిచేసుకునే వీసా మళ్లీ వచ్చాక, బ్రిటన్‌లో భారతీయ విద్యార్థుల సంఖ్య 2022-23 నాటికి 1.7 లక్షలు దాటింది. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు నుంచి వెళ్లినవాళ్లలో చాలామంది కొవెంట్రీ, హెర్ట్‌ఫర్డ్‌షైర్, గ్రీనిచ్, టీసైడ్ వంటి ఈ విశ్వవిద్యాలయాల్లో ఏడాది మాస్టర్స్ కోర్సుల్లో చేరారు. ఫీజు సుమారు 15 వేల నుంచి 18 వేల పౌండ్లు. ఇల్లు తాకట్టు పెట్టి, బ్యాంకు రుణం తీసుకుని వెళ్లే కుటుంబాలు ఎన్నో. 2024 జనవరి నుంచి ఈ కోర్సుల విద్యార్థులు భార్యనో భర్తనో తీసుకెళ్లే వీలు పోయింది. రెండేళ్ల వీసాను 18 నెలలకు కుదించే నిర్ణయం 2025లో వెలువడింది.

సంఘాలు ఈ వీసాల కోసం గట్టిగానే మాట్లాడాయి, మాట్లాడాలి కూడా. కానీ వాటిని మనవైపు నుంచి ఒకటి అడగాల్సి ఉంది. వృత్తివిద్య మా ప్రత్యేకత అని మీరు చెప్పుకునేది మీ దేశపు నర్సింగ్ విద్యార్థికి, మీ అప్రెంటిస్‌కు నిజం. మా పిల్లవాడు చేరిన డేటా సైన్స్ మాస్టర్స్‌లో, మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌లో అది ఎక్కడుంది? వందలమంది ఒకే తరగతిలో కూర్చుని, మూడు సెమిస్టర్లలో పాఠాలు, ప్రాజెక్టు ముగించి, పనిచోటు ముఖం చూడకుండా బయటకు వస్తే ఆ కోర్సుకూ ఆ కూటమి ఆశయానికీ సంబంధమేమిటి? ఆ ఫీజుతోనే ఆ ప్రయోగశాలలు నడుస్తున్నాయి. వాటిలో వీళ్లకూ చోటు దక్కాలి.

అందుకని చేరబోయేవాళ్లు కూటమి పేరు కన్నా కోర్సు లోపలికి చూడాలి. దానికి వృత్తిసంఘం గుర్తింపు ఉందా, ఉంటే ఏ సంఘానిది అన్నది మొదట కనుక్కోవాలి. ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, నర్సింగ్, అకౌంటింగ్ వంటి రంగాల్లో ఆ గుర్తింపే రేపు పనికొస్తుంది. ఆ విభాగంతో పనిచేస్తున్న కంపెనీలేవో, జ్ఞాన బదిలీ భాగస్వామ్యాలు ఎన్ని నడుస్తున్నాయో విశ్వవిద్యాలయాన్ని నేరుగా ఈమెయిల్‌లో అడగవచ్చు. కోర్సుతో పాటు ప్లేస్‌మెంట్ ఏడాది ఉందంటే, ఆ చోటు వెతికిపెట్టేది విశ్వవిద్యాలయమా, విద్యార్థి తానే వెతుక్కోవాలా, దొరక్కపోతే వీసా, ఫీజు ఏమవుతాయి అన్నది డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. చాలా కోర్సుల వివరాల్లో చిన్న అక్షరాల్లో ఉండే జవాబు, విద్యార్థే వెతుక్కోవాలన్నది.